కాంటా మీట, పలకని మిషన్

లెక్క చేస్తున్న యంత్రాన్ని మధ్యలో పిలవవచ్చని హైదరాబాదులో మొదటిసారి విన్న రోజు నాకు అన్నం సహించలేదు. పిలిస్తే అది తన పని ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుంటుందట. వచ్చినవాడి సంగతి చూసి, తిరిగి అదే చోటికి పోయి, నడుమ ఏమీ జరగనట్టే పని సాగిస్తుందట. మా పెద్ద ఇంజనీరు నల్లబల్ల మీద గీసిన నాలుగు గీతలు కంచంలో కూడా కనబడుతున్నాయి.

అవి డెబ్బైల మధ్య సంవత్సరాలు. మేం తయారు చేసే కంప్యూటరు బట్టల బీరువా అంత ఉండేది. దాని జ్ఞాపకం వరుసగా పేర్చిన అరల లాంటిది, ప్రతి అరకూ ఒక నంబరు. బయటి నుంచి పిలుపు వస్తే, దాన్నే ఇంజనీర్లు ఇంటరప్ట్ అంటారు, యంత్రం తాను చేయబోతున్న ఆదేశం ఏ అరలో ఉందో ఆ నంబరును సున్నా అరలో రాసిపెట్టి, ఒకటో అర నుంచి పని మొదలుపెడుతుంది. అప్పుడే ఇతర పిలుపులకు తలుపు మూసుకుంటుంది. మూసుకోకపోతే ఒక పిలుపు మీద మరో పిలుపు వచ్చి పడి, సున్నా అరలో రాసింది చెరిగిపోయి, తిరిగి పోయే దారే ఉండదు.

యంత్రం తనంతట చేసేది ఇంతే. మిగిలినదంతా మేం రాసే మూల ప్రోగ్రాముదే. ఇప్పటివాళ్లు దాన్ని కెర్నెల్ అంటున్నారు, అప్పుడు మేం మానిటర్ అనేవాళ్లం. లోపలికి రాగానే అది యంత్రం చేతిలో ఉన్న అంకెను ఒక పక్కన దాచాలి. పిలిచిందెవరో కనుక్కొని వాళ్ల పని చేయాలి. దాచిన అంకెను తిరిగి చేతిలో పెట్టి, తలుపు తెరిచి, సున్నా అరలో రాసిన చోటికి పోవాలి.

నన్ను నిద్ర పోనివ్వనిది ఆ చివరి అడుగు. తలుపు తెరిచిన క్షణంలోనే ఇంకో పిలుపు వస్తే? ఇంకా తిరిగి పోనే లేదు కదా, సున్నా అర చెరిగిపోదా? అడిగాను. పెద్ద ఇంజనీరు గుంటూరు వైపు మనిషి, నవ్వినప్పుడు భుజాలు కదిలేవి.

"చక్కగా అడిగారండీ. తలుపు తెరవమని ఆదేశమిచ్చాక, దాని వెనక ఒక్క ఆదేశం పూర్తయ్యేదాకా అది నిజంగా తెరుచుకోదు. ఆ ఒక్కటే మనం వాడుకునేది. 'తిరిగి పో' అన్నమాట."

"అంటే గడప దాటేదాకా ఎవరూ వెనక నుంచి పిలవరు."

"అంతేనండీ. ఎవరో మర్యాదస్తుడే ఆలోచించి ఉంటాడు!"

ఇనుము, తీగ, సున్నాలు, ఒకట్లు తప్ప ఏమీ లేని చోట ఎవరో కూర్చొని, బయటికి పోయే మనిషిని గడప మీద ఆపకూడదని పట్టింపుతో ఏర్పాటు చేశాడు. అటువంటి పట్టింపులున్న ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. ఆ పనిలో నాకు పరాయితనం ఎప్పుడూ అనిపించలేదు.

మా కుటుంబం బోధన్ పక్క పల్లెది. మా తాత చెరుకు బండ్లు ఏ ఫ్యాక్టరీ గేటు ముందూ వరుసలో నిలబడలేదు. తెలంగాణ ఆంధ్రతో కలిసిన ఏడాది నేను పలక పట్టిన పిల్లవాణ్ణి. తర్వాత కౌలు చట్టాలు, దాయాదుల కోర్టులు, తాత మొండితనం కలిసి, నేను కాలేజీకి వచ్చేసరికి మాకు గడీ గోడలు మిగిలాయి, చెరుకు మిగల్లేదు. ఆ సంగతి నేను ఎవరి ముందూ ఎత్తలేదు. ఇక్కడ కూడా ఇంతకు మించి ఎత్తను. నా డిగ్రీతో నేను ఉద్యోగం సంపాదించుకున్నాను. ఎవరి సిఫారసూ లేదు.

బోధన్ దాటాక ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ఉండేది, ఇప్పుడు లేదు. చెరుకు తూచే మూడు కాంటాలకూ మా యంత్రాన్ని కలిపి, బండి కాంటా దిగకముందే రైతు చేతికి తూకం చీటీ ఇప్పించాలని వాళ్లు అడిగారు. కంపెనీ ఆ పని కోసమే నన్ను కొత్తగా తీసుకుంది. పని కుదిరితే ఉద్యోగం ఖాయం. యంత్రం వెనక్కి పోతే నేనూ దానితోపాటే. నియామకపు రోజే ఆ మాట నాకు స్పష్టంగా చెప్పారు, నేను స్పష్టంగా ఒప్పుకున్నాను.

ఫ్యాక్టరీ మేనేజరు నిజామాబాద్ పట్నంవాడు. పెట్టెలు దించుతున్నప్పుడే దగ్గర నిలబడి చెప్పాడు.

"సూడున్రి, గానుగ షురూ అయిన దినం మీ మిషన్ నడువాలె. నడిస్తే ఉంటది, లేకుంటే ఏడికెల్లి అచ్చిందో ఆడికే పోతది. రైతుకు జవాబు నేను జెప్పాలె. ఎడ్లు మీ మిషన్ కోసం ఆగయి."

గానుగ మొదలయ్యే రోజు పొద్దున ఆ ఆవరణ చూడవలసిందే. మంచు ఇంకా విడవలేదు. గేటు నుంచి బోధన్ రోడ్డు దాకా చెరుకు బండ్లు, ఎడ్ల మెడల్లో గంటలు, బెల్లపు పాకం వాసన. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ బండివాళ్లు కంబళ్లు కప్పుకొని బండ్ల మీదే బీడీలు తాగుతున్నారు. ఫ్యాక్టరీ కూత పెట్టింది. మొదటి బండి కాంటా ఎక్కింది. తూకం రాసే కాంటా మున్షీ యంత్రాన్ని పిలిచే మీట నొక్కాడు. లోపలి గదిలో మా యంత్రం ముందరి దీపాలు ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్లీ తమ వరుసలో పడ్డాయి. టెలిప్రింటరు టకటకమని చీటీ కొట్టింది. నేను చీటీ చింపి కిటికీలో నుంచి అందించాను.

కొద్దిసేపు అంతా బాగానే సాగింది. బండ్లు ఒత్తుకొచ్చాక టెలిప్రింటరు ఆగిపోయింది.

ఉన్నట్టుండి దానంతట అదే మొదలైంది. మళ్లీ ఆగింది. ఆగినప్పుడల్లా మూడు కాంటాలకూ చీటీలు నిలిచిపోయేవి. బయట అరుపులు పెరిగాయి. "సాహేబ్, లౌకర్ కరా!" అని ఒక మరాఠీ బండివాడు తొందర పెడుతున్నాడు. ఆ వెనక ఎవరో తెలుగులో, "అగో, కోమటి తరాజన్న నయముండె, అది మాట్లాడకున్న తూకమన్న జేస్తుండె!" అన్నాడు. అందరూ నవ్వారు.

పెద్ద ఇంజనీరు జ్ఞాపకపు పలక చెడిపోయిందన్నాడు. యంత్రం ఆపి, పలక మార్చి, మళ్లీ నడిపాం. మళ్లీ అదే. నేను యంత్రం ముందరి దీపాలనే చూస్తున్నాను. యంత్రం ఏ అరలో పనిచేస్తోందో ఆ దీపాల వరుస చూపిస్తుంది. మామూలుగా పనిచేసేటప్పుడు పెద్ద నంబర్ల దీపాలు మినుకుమినుకుమంటాయి, ఎందుకంటే మొత్తాలు కూడేది, చీటీలు కొట్టేది ఆ అరల్లోనే. ఆగినప్పుడు చిన్న నంబర్ల దీపాలు తప్ప ఏవీ వెలగడం లేదు.

"సార్, ఇది ఆగలేదు," అన్నాను. "పరుగెత్తుతోంది. లోపలికి రావడం, బయటికి పోవడం, మళ్లీ లోపలికి రావడం. గడప దగ్గరే తిరుగుతోంది."

"ఎవరు పిలుస్తున్నారండీ అన్నిసార్లు?"

నేను బయటికి వచ్చాను. గబగబా వచ్చాననే చెప్పాలి.

మొదటి కాంటా మీద మున్షీ మాటల్లో ఉన్నాడు. తలపాగా ఉన్న వయసు మనిషి, ఆ ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచీ తూకం ఆయనదే. ఒక బండి రైతుతో చెరుకు ఆకుల గురించి జగడమాడుతున్నాడు. జగడమాడుతూనే కుడి బొటనవేలితో మీట ఒత్తి పట్టుకున్నాడు. గోరు తెల్లబడేంతగా.

"మున్షీ సాబ్, గట్ల ఒత్తి పట్టుకున్నరేంది?"

ఆయన లేవకుండానే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవ్వలన్న పలుకాలె గదా దొరా. పలుకకుంటే చెయ్యెట్ల దీస్త? ఆపీసుల సాబు గంట గొడితే ప్యూను 'జీ' అనేదాక ఒత్తుతనే ఉంటడు. మీ మిషన్‌కు నోరు లేదాయె."

"ఒక్కసారి ఒత్తి ఇడిస్తె సాలు. అది ఇంటది."

"ఇంటదని నాకెట్ల ఎరుక?" అన్నాడు. తర్వాత రైతు వైపు తిరిగి, అందరికీ వినబడేటట్టు, "గప్పుడు ఈ దొర వాళ్ల తాత బండ్లు వరుసల ఆగకపోతుండె. గిప్పుడీయన అచ్చి మనందర్ని వరుసల ఆపిండు!" అన్నాడు.

బండ్ల మీద నవ్వు పాకింది. నేను చూడవలసింది చూశాను.

మా గదుల్లో పరీక్షించినప్పుడు మీట నొక్కింది మేమే. ఇంజనీరు వేలు మీట మీద క్షణం కూడా ఉండదు, తగిలి లేస్తుంది. ఇక్కడ వేలు ఉన్నంతసేపూ పిలుపు ఉన్నట్టే. యంత్రం వచ్చి తూకం చూసుకుంది, చేతిలోని అంకె తిరిగి తీసుకుంది, తలుపు తెరిచింది, గడప దాటింది. అవతలి నేల మీద పాదం ఆనకముందే అదే పిలుపు మళ్లీ వచ్చింది. ఒక్క ఆదేశమంత వ్యవధి ఇచ్చిన ఆ మర్యాదస్తుడు గడప దాటడానికే ఇచ్చాడు. అసలు పనిలో ఒక్క అడుగు వేయడానికి అది చాలదు. చీటీ కొట్టడం అసలు పనిలోది. అందుకే చీటీలు లేవు.

పెద్ద ఇంజనీరుకు చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. స్వయంగా వచ్చి మున్షీకి నచ్చజెప్పాడు.

"ఇలా నొక్కి, ఇలా వదిలేయండి. అంతేనండి. చాలా తేలిక."

"అట్లనే సార్," అన్నాడు మున్షీ. ఆయన చూస్తున్నంతసేపు అట్లనే చేశాడు. రెండు బండ్లు పోయాక, మూడో బండి ఎద్దు మొరాయించి గొడవ అయ్యేసరికి, వేలు తనంతట తానే పాత అలవాటులో పడింది. మిగతా రెండు కాంటాల మీద కూడా అదే కథ.

మధ్యాహ్నానికి మేనేజరు వచ్చి, చేతిరాత చీటీలు మొదలుపెట్టించాడు.

"రేపు ఒక్క పూట జూస్త," అన్నాడు. "రేపు ఆగితే ఎల్లుండి లారీ పిలుస్త."

పెద్ద ఇంజనీరు ఆ గదిలో స్టూలు మీద కూర్చుండిపోయాడు. "మనుషులకు నేర్పాలండీ. మీట పక్కన బోర్డు రాయిద్దాం. మేనేజరు చేత చెప్పిద్దాం."

"చెప్పిస్తే భయపడి రెండు రోజులు వేలు తీస్తారు సార్. తర్వాత?"

"మరి యంత్రం తీరే అంత కదా. వేలు ఉన్నంతసేపూ పిలుపే."

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. బయట మున్షీ చేత్తో చీటీలు రాస్తూ ఎవరినో కేకేస్తున్నాడు, అతను పలికేదాకా కేకలు ఆపలేదు. ఆ కేక వింటుంటే మా ఇల్లు మనసులోకి వచ్చింది. తాత పిలిస్తే గడీ ఆ చివర నుంచి "అయ్యా!" అని పలుకు రావాలి. పలుకు వచ్చేదాకా ఆయన గొంతు తగ్గేది కాదు. పలికినవాడు చేతిలో ఉన్న పలుపు గుంజకు కట్టి, కాళ్లు కడుక్కొని, నిదానంగా రావచ్చు. దానికి ఆయన ఏమీ అనేవాడు కాదు. ఒకసారి కొత్త జీతగాడు, మంచి ఉత్సాహవంతుడు, పలకకుండా నేరుగా పరుగెత్తుకొచ్చాడు. వచ్చేలోపు ఆయన పిలుపులతో ఇల్లంతా అదిరిపోయింది. మా అవ్వ అతనికి తలుపు చాటు నుంచి చెప్పింది: "పలుకుడు వేరు బిడ్డా, అచ్చుడు వేరు. ముందుగాల పలుకు, ఎనుకసీరి రా."

మా యంత్రం ఆ కొత్త జీతగాడే! వస్తోంది, పని చేస్తోంది, పలకడం లేదు. పలకని చోట ఏ పెద్దమనిషి వేలు తీస్తాడు? మున్షీ చేసింది తప్పే కాదు. నేను ఆయన స్థానంలో ఉన్నా తీసేవాణ్ణి కాదు.

"సార్!" అన్నాను. గది చిన్నది, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మీట పెట్టెలో బల్బు ఉంది కదా, కరెంటు వచ్చిందని చూపేది. దాన్ని యంత్రం చేతికి ఇద్దాం. లోపలికి రాగానే, తూకం చూడకముందే, మొదటి పని బల్బు వెలిగించడం."

ఆయన తల ఎత్తాడు. "వెలిగిస్తే తీస్తారా?"

"పలుకు వచ్చాక ఎవరు ఒత్తుతారు సార్?"

"ఒకవేళ తీయలేదనుకోండి. ఎద్దు మొరాయించింది, జగడంలో ఉన్నారు."

దానికీ నా దగ్గర జవాబు ఉంది. అప్పటికి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మా మీట పెట్టెల్లో ఒక్కో మీటను విడివిడిగా మూసే వీలు ఉంది. అవసరం పడదని మేం దాన్ని ముట్టుకోలేదు. బల్బు వెలిగించాక, బయటికి పోయే ముందు, ఆ ఒక్క మీటకు తలుపు మూసి పోవాలి. మిగతా రెండు కాంటాలకూ తలుపు తెరిచే ఉంటుంది. చీటీలు కొట్టే అసలు ప్రోగ్రాము తన పని చేసుకుంటూ నడుమ నడుమ తొంగి చూస్తుంది. వేలు లేచిందని తెలిశాక బల్బు ఆర్పి ఆ మీట తలుపు తెరుస్తుంది. అంతవరకు మున్షీ ఎంతసేపు పట్టుకున్నా సరే, ఒక పిలుపు ఒకే పిలుపు.

పెద్ద ఇంజనీరు లేచి నిలబడ్డాడు. స్టూలు పడిపోయింది. "కాగితం తీయండి!"

ఆ మధ్యాహ్నం లాంటిది నా జీవితంలో మళ్లీ రాలేదు. ఇద్దరం ఒకే కాగితం మీద రాశాం, ఒకరు రాసింది ఒకరు కొట్టేశాం. లోపలికి వచ్చే దారిలో బల్బు ఆదేశం ఎక్కడ పెట్టాలి? చేతిలోని అంకె దాచకముందే పెడితే ఆ అంకె చెడిపోతుంది, కనుక దాచిన వెంటనే. బయటికి పోయే దారిలో మీటను మూయడం ఎక్కడ? అంకెను తిరిగి చేతిలో పెట్టాక మూస్తే అదీ చెడిపోతుంది, కనుక దానికి ముందే. చివర 'తలుపు తెరువు', దాని వెనకే 'తిరిగి పో'. ఆ రెంటి మధ్య ఏదీ దూరకూడదు. ఒక చోట ఆయన దూర్చాడు, నేను వేలు పెట్టి చూపించాను. ఇంకో చోట నేను అరను తప్పు రాశాను, ఆయన నవ్వి దిద్దాడు. ప్రోగ్రామును యంత్రంలోకి ఎక్కించే చిల్లుల కాగితపు టేపు కొత్తది కొట్టించే సదుపాయం అక్కడ లేదు. ఆయన అంకెలు చదువుతుంటే నేను యంత్రం ముందరి స్విచ్చులు ఒక్కొక్కటే పైకీ కిందికీ వేసి, ఆదేశాలను అరల్లోకి ఎక్కించాను. పొద్దు గూకకముందే మీట పెట్టెల తీగలు కూడా మార్చాను. క్యాంటీన్ నుంచి చాయ్ వచ్చింది. పరాయి చోట చాయ్ తాగే అలవాటు నాకు లేదు. ఆ రోజు తాగాను.

మర్నాడు మొదటి బండి ఎక్కింది. నేను కాంటా పక్కనే నిలబడ్డాను. మున్షీతో ఏమీ చెప్పలేదు. చెప్పకుండా నడవాలి, అదే పరీక్ష.

ఆయన వేలు మీట మీద పడింది. పెట్టెలో ఎర్ర బల్బు వెలిగింది.

వేలు లేచింది!

ఆయనకు తెలియదు తాను వేలు తీసినట్టు. బల్బు వైపు చూసి, "హా," అన్నాడు, ఎవరో 'జీ' అంటే అన్నట్టు. లోపల టెలిప్రింటరు మొదలైంది. తర్వాతి బండి. వేలు, బల్బు, వేలు లేవడం. ఆ తర్వాతి బండి. నేను మూడు కాంటాల మధ్య తిరుగుతున్నాను, నిలబడలేకపోతున్నాను.

పొద్దెక్కాక మేనేజరు వచ్చాడు. మున్షీని అడిగాడు:

"ఎట్ల నడుస్తుంది?"

"గిప్పుడు పలుకుతుంది సాబ్. నిన్న మూగదుండె."

మేనేజరు నమ్మే రకం కాదు. తానే మీట దగ్గర కూర్చున్నాడు. వేలు పెట్టాడు. బల్బు వెలిగింది. ఆయన కావాలనే వేలు తీయలేదు, నా ముఖంలోకి చూస్తూ అట్లాగే ఒత్తి పట్టుకున్నాడు. లోపల టెలిప్రింటరు రెండో కాంటా చీటీ కొట్టింది. మూడో కాంటా చీటీ కొట్టింది. కిటికీలో నుంచి పెద్ద ఇంజనీరు చెయ్యి రెండు చీటీలూ పట్టుకొని బయటికి వచ్చింది.

"ఇంక ఎంతసేపు ఒత్తుతరు సాబ్," అన్నాడు మున్షీ. "అది ఎప్పుడో పలికింది. వెనుక ఎడ్లు నిలవడ్డయి."

మేనేజరు వేలు తీశాడు. బల్బు ఆరింది. ఆయన లేచి, ప్యాంటు దులుపుకొని, నాలుగడుగులు పోయి ఆగాడు.

"వెనుక గేటు కాడ ఇంకో కాంటా ఉన్నది. ట్రాక్టర్లది. దాన్ని గూడ దీనికే కలుపుతరా?"

పెద్ద ఇంజనీరు కిటికీలో నుంచి జవాబు కోసం నా వైపు చూశాడు. నేను అప్పటికే తీగల చుట్ట భుజాన వేసుకొని వెనుక గేటు వైపు నడుస్తున్నాను.

"పొద్దుగూకేలోపు పలుకుతది సార్!" అని అక్కడి నుంచే కేక వేశాను.